పోశం పెట్టిన పేరు

మందమర్రి కార్మికవాడలో తెల్లారిందంటే లూజు అన్న మాట ఎన్నిసార్లు చెవిన పడుతుందో పోశం ఎన్నడూ పట్టించుకోలేదు గాని, పడిన ప్రతిసారీ ఆయన మెడ తనంతట తనే పైకి లేస్తుంది. కిరాణం దగ్గర ఒకామె ప్యాకెట్ వద్దు, లూజు నూనె పొయ్యమంటుంది. పోశం పైకి చూస్తాడు. బండి మెకానిక్ చైను లూజయిందని అంటాడు. పోశం పైకి చూస్తాడు. పైన ఆకాశం తప్ప ఇంకేమీ ఉండదు.

"మళ్ల ఏం జూస్తున్నవు, గద్దలు తిరుగుతున్నయా?" అంటుంది భార్య బాలవ్వ. ఆమె కూడా ఆ మాటను తక్కువేమీ వాడదు. జాకెట్టు లూజు, ఫ్యాను స్విచ్చు లూజు, పక్క క్వార్టర్ ఆమె నోరు లూజు, మనవడికి రెండు రోజుల నుంచి లూజు మోషన్లు. ఇంగ్లీషు అక్షరం రాని బాలవ్వకు అది ఇంగ్లీషు మాట అనే తెలియదు. వాళ్ల అవ్వ నేర్పిన మాటలాగే వాడుకుంటుంది.

పోశానికి మాత్రం ఆ మాట బాయిలో తగిలింది. బొగ్గు గనిని అక్కడ బాయి అనే అంటారు. ఇరవై ఏళ్ల వయసులో దిగి, అరవై నిండాక పైకొచ్చాడు. చివరి ఇరవై ఏళ్లు సర్దార్. అంటే ఒక షిఫ్టులో ఒక జాగాలో పనిచేసే మనుషుల ప్రాణాలకు జిమ్మేదారు. రిటైరై తొమ్మిదేళ్లయినా మెడకు అలవాటు పోలేదు. ఎందుకంటే బాయిలో ఆ మాట వినబడితే ముందు పైకి చూడాలి, తర్వాత వెనక్కి జరగాలి. అంతే తప్ప ఎవరన్నారు, ఎందుకన్నారు అని అడగకూడదు.

ఆ మాట అనే హక్కు డ్రెస్సర్‌ది. మందు పెట్టి పేల్చి బొగ్గు రాలగొట్టాక, బొగ్గు మోసే టబ్బులు నింపేవాళ్ల కంటే ముందు డ్రెస్సర్ లోపలికి పోతాడు. ఒక చేత్తో ఇనుప కడ్డీ పట్టుకొని పై బండ మీద కొడతాడు. రెండో అరచెయ్యి బండకు ఆనించి ఉంచుతాడు. గట్టి బండ ఖంగుమంటుంది. పట్టు వదిలిన బండ ఖాళీ బానలాగా బొంయ్‌మంటుంది, అరచేతికి సన్నగా వణుకు తెలుస్తుంది. అప్పుడు డ్రెస్సర్ "లూజ్" అని ఒక్క కేక వేస్తాడు. సుద్దముక్కతో ఆ బండ మీద ఇంటు మార్కు పెడతాడు. ఇక ఆ బండను దించేదాకా, లేదా కింద ఆసరాగా కర్ర దిమ్మె నిలబెట్టేదాకా, దాని కింద మనిషి నిలబడొద్దు.

రాజేశం అలాంటి డ్రెస్సర్. సన్నటి మనిషి, మాట తక్కువ. మిగతా డ్రెస్సర్లు రెండుసార్లు కొట్టే చోట ఆయన ఆరుసార్లు కొట్టేవాడు. అదే షిఫ్టులో ఇంకా ఇద్దరు రాజేశాలు ఉండటంతో హాజరు కోసం మస్టర్ పిలిచినప్పుడల్లా గడబిడయ్యేది. ఒకరోజు ల్యాంపు రూము ముందు టోపీ లైట్లు తీసుకుంటుంటే పోశమే నవ్వుతూ తేల్చేశాడు.

"గీయినె లూజు రాజేశం. గాయినె మీసాల రాజేశం. ఆఖరాయినె ఉత్త రాజేశం. ఇగ లొల్లి లేదు."

రాజేశం కూడా నవ్వాడు. "మంచిగనే ఉన్నదన్నా. నా పనే అది గద."

ఆ రోజుల్లో ఆ పేరులో తక్కువతనం లేదు. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు "లూజు రాజేశం కొట్టి చూసిండా?" అని అడిగేవాళ్లు. చూశాడంటే నిశ్చింతగా తట్ట ఎత్తేవాళ్లు. ఆయన భార్య కూడా బాయి గేటు దగ్గరికి సద్ది పట్టుకొని వచ్చి, ఆ పేరు చెప్పే లోపలికి పంపేది.

అది అలా ఉండిపోతే పోశం ముసలితనం హాయిగా గడిచేది.

తొంభై ఎనిమిదిలో, వానాకాలం, ఫస్టు షిఫ్టు చివరి గంట. రాజేశం బండ కొట్టి చూసి కేక వేశాడు, ఇంటు మార్కు పెట్టాడు. ఆ జాగాలో అప్పుడు పోశం ఒక్కడే ఉన్నాడు. మనుషులు నిండు టబ్బులు నెట్టుకుంటూ, వాటిని పైకి లాగే తాడు దగ్గరికి పోయారు. ఇంకో రెండు టబ్బులు నిండితే ఆ రోజు అనుకున్నది పూర్తవుతుంది. పొద్దున్నే మేనేజరు నలుగురిలో పోశాన్ని మాటలన్నాడు, నీ జాగా ఒక్కటే ఎప్పుడూ వెనకబడుతుందని. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

"రెండే టబ్బులు. నింపినంక దించుదం" అన్నాడు పోశం.

"అద్దన్నా. మంచిగ లేదది. అర్ధగంట ఇయ్యి, దించేస్త."

"అర్ధగంటల షిఫ్టే అయిపోతది. నువ్వు పోయి కింది లెవెల్ల దిమ్మెలు పట్టుకరా. పో."

రాజేశం బండ వైపు ఒకసారి చూసి, దిమ్మెల కోసం వెళ్లాడు. సర్దార్ మాట కాదని డ్రెస్సర్ నిలబడలేడు. ఆయన అటు పోగానే లక్ష్మణ్ ఖాళీ టబ్బు నెట్టుకుంటూ ఇటు వచ్చాడు. పోశాన్ని బావా అని పిలిచేవాడు, ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. టోపీ లైటు బొగ్గు మీద ఉంది గాని పైకి లేదు. పోశం "నింపు" అన్నాడు. లక్ష్మణ్ నింపాడు. మొదటి టబ్బు సగమయ్యేసరికి బండ వచ్చింది.

మనిషి బతికాడు. ఎడమకాలు మోకాలి కింద పోయింది.

అందరూ లక్ష్మణ్‌ను ఎత్తే తొందరలో ఉంటే, పగిలిన బండముక్క ఒకటి గోడకు ఆని నిలబడి ఉండటం పోశం కంట పడింది. దాని మీద సుద్ద గీతలు తెల్లగా ఉన్నాయి. ఆయన ఏమీ ఆలోచించలేదు. ఆలోచించి చేసి ఉంటే నన్ను నేను ఇంకా బాగా తిట్టుకునేవాడినని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. తడి బండను అరచేత్తో నాలుగుసార్లు రుద్దాడు. గీతలు పోయాయి.

వారానికి ఎంక్వయిరీ పడింది. మేనేజరు ఆఫీసులో బల్ల వెనక ముగ్గురు సార్లు కూర్చున్నారు. ముందు పోశాన్ని పిలిచారు.

"డ్రెస్సర్ చెప్పిండా?"

"చెప్పలే సార్."

"ఎందుకు చెప్పలేదు?"

ఈ ప్రశ్న వస్తుందని పోశం అనుకోలేదు. నోట్లో సిద్ధంగా ఉన్న మాట అదొక్కటే.

"ఆయినె జర తేడ మనిషి సార్. అందరు లూజనే పిలుస్తరు. కావాల్నంటె ఎవల్నన్న అడుగుండ్రి."

సార్లు అడిగారు. అడిగిన ప్రతివాడూ అవును సార్, అట్లనే పిలుస్తం అన్నాడు. వాళ్లు అబద్ధం ఆడలేదు. రాజేశాన్ని పిలిచినప్పుడు ఆయన "చెప్పిన, మార్కు గూడ పెట్టిన" అన్నాడు. ఒక సారు ఇంకో సారు మొహం చూశాడు. కాగితం మీద ఏం రాశారో గాని, ఆ తర్వాత రాజేశాన్ని నాలుగు నెలలు పని నుంచి ఆపారు. తిరిగి తీసుకున్నప్పుడు బాయిలోకి దింపలేదు. పైన స్టోరు దగ్గర ఇనుప సామాన్లు మోసే పని ఇచ్చారు. కడ్డీ మళ్లీ పట్టుకోలేదు.

పేరు మాత్రం బాయి గేటు దాటి వాడకట్టుకు వచ్చింది. వచ్చేసరికి దాని అర్థం మారిపోయింది. బడిలో రాజేశం కూతురు శ్యామలను లూజుగాని బిడ్డ అన్నారు. ఆమె తొమ్మిదిలో మానేసింది. పెళ్లి చూపులకు వచ్చినవాళ్లకు ఎవరో ఒకరు ముందే చెప్పేవాళ్లు, తండ్రికి తల సక్కగ ఉండదట అని. రెండు సంబంధాలు గడప దాకా వచ్చి మళ్లిపోయాయి. చివరికి చెన్నూరు నుంచి, మందమర్రి ముచ్చట ఏదీ తెలియని వాళ్లు వచ్చి చేసుకున్నారు. రాజేశం రిటైరయ్యాక, భార్య కూడా పోయాక, కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు.

పోశం చెడ్డవాడని ఎవరూ అనరు. ఎవరింట్లో చావైనా ముందుండేది ఆయనే. లక్ష్మణ్‌కు పైన కూర్చుండే పని ఇప్పించడానికి యూనియన్ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో లెక్క లేదు. లక్ష్మణ్ పక్క లైను క్వార్టర్లోనే ఉండేవాడు. ఇరవై ఆరేళ్లు, చేతికర్ర టకటకలాడించుకుంటూ పొద్దున్నే వచ్చేవాడు. ఇద్దరూ అరుగు మీద చాయ తాగేవాళ్లు. ఒక్కోసారి లక్ష్మణ్ కాలు లేని చోట దురద పెడుతుందనేవాడు. చెబుదామని పోశం చాయ కప్పు కింద పెట్టేవాడు. మళ్లీ తీసుకునేవాడు.

మొన్న శ్రావణంలో లక్ష్మణ్ పోయాడు. పదో రోజు వడ్డన పోశమే చూసుకున్నాడు. అందరి విస్తర్లూ లేచాక లక్ష్మణ్ భార్య దేవవ్వ గోడకు ఆని కూర్చొని, ఎవరితోనూ కాదన్నట్టు అన్నది.

"ఆఖరి దినం గూడ గదే మాటన్నడు. దేవీ, గా లూజుగాడు ఒక్కసారి నోరు తెరిసుంటె నేను రెండు కాళ్ల మీద నడుస్తుంటి అన్నడు. గా కోపం కడుపుల వెట్టుకొనే పాయె."

పోశం చేతిలో అన్నం గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చాలాసేపు పట్టుకొని నిలబడ్డాడు.

మరుసటి వారం చెన్నూరు బయల్దేరాడు. బాలవ్వకు చుట్టాల దగ్గరికి అని చెప్పాడు. మంచిర్యాలలో బస్సు మారి, భీమారం దాటినకాడి నుంచి మాటలు కూడబెట్టుకుంటూ వచ్చాడు. ఏం చెప్పాలో అన్నీ సరిచూసుకున్నాడు. ఇల్లెక్కడో తెలియదన్న సంగతి మాత్రం బస్సు దిగాకే గుర్తొచ్చింది.

బస్టాండు ఎదురుగా ఓంప్రకాశ్ అనే ఆయన చాయ హోటలు ఉంది. పోశం అక్కడికి పోయి, మందమర్రిలో ఎవరైనా ఎలా అడుగుతారో అలాగే అడిగాడు.

"పటేలా, జర లూజు రాజేశం ఇల్లు ఏడుంటది?"

ఓంప్రకాశ్ చాయ వడపోస్తూ ఆగాడు. "ఏం రాజేశం?"

"బాయిల పని జేసి రిటైరైండు. బిడ్డ పేరు శ్యామల."

"కిరాణం శ్యామలక్క వాళ్ల బాపా?" ఓంప్రకాశ్ నవ్వాడు. బల్ల మీద కూర్చున్న నలుగురూ నవ్వారు. "గాయినె లూజా? మేము శాన పెద్దమనిషి అనుకుంటున్నం గదనే ఇన్నొద్దులు."

"గట్ల గాదు. అది పని పేరు" అన్నాడు పోశం.

"పని లేని పేరా?" అన్నాడు బల్ల మీది ఒకాయన. మళ్లీ నవ్వారు. ఓంప్రకాశ్ బండి తీస్తున్న మనిషిని కేకేశాడు. "అన్నా, గీ కాకను జర లూజు రాజేశం ఇంటికాడ దింపు. మన శ్యామలక్క బాపే."

పోశం వద్దు నడుస్తా అన్నాడు. అప్పటికే బండాయన చెయ్యి పట్టి ఎక్కించుకున్నాడు. దారిలో తెలిసినవాడు కనబడి ఎక్కడికంటే అదే చెప్పాడు. కిరాణం ముందు బండి ఆపి, దిగకుండానే లోపలికి కేకేశాడు.

"అక్కా, మందమర్రి నుంచి చుట్టం వచ్చిండు. లూజు రాజేశం కావాల్నట. మీ బాపుకు గీ పేరున్నదని మాకు చెప్పనే లేదు గదనే."

శ్యామల ఒకామెకు పెసరపప్పు తూస్తున్నది. కాటా మీద చెయ్యి ఆగింది. మళ్లీ తూచింది, పొట్లం కట్టింది, ఆమె పోయేదాకా ఆగింది. అప్పుడు బయటికి వచ్చి కుర్చీ వేసింది.

"కూసో పెద్దబాపు."

"మంచిగున్నవా బిడ్డా?"

"గీ ఊరికొచ్చి పందొమ్మిదేండ్లు. నా పెనిమిటికి గూడ తెల్వది గా పేరు. నువ్వు బస్సు దిగినవో లేదో పట్టుకొచ్చినవు."

"నోటికొచ్చింది బిడ్డా. గక్కడ అట్లనే అడుగుతరు గద."

"గక్కడ అట్ల అడుగుతరనే గద గిక్కడి దాంక వచ్చింది." ఆమె గొంతు పెంచలేదు. "బాపు ఎనుక ఉన్నడు. పో."

ఇంటి వెనక వేపచెట్టు కింద రాజేశం నవారు మంచం బిగిస్తున్నాడు. ఇంకా సన్నబడ్డాడు. కిరాణం ముందు జరిగినదంతా వినబడే ఉంటుంది గాని చేతిలో పని ఆపలేదు.

"పోశమన్నా, మంచిగొచ్చినవు. జర గా కొస వట్టు, గుంజుత."

పోశం కొస పట్టుకున్నాడు. దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ ముందుకు రాలేదు.

"లక్ష్మణ్ పోయిండట గద. పేపర్ల ఫోటో జూసిన" అన్నాడు రాజేశం.

"రాకపోతివి."

"ఎట్లొస్త? కాలు దీసినప్పుడు దవాఖానకు పోయిన, బత్తాయిలు వట్టుకొని. దేవవ్వ తలుపు కాడ్నే ఆపింది. సంచి ఇసిరికొట్టింది. వరండ పొడుగు పండ్లే. మంది కాళ్ల మధ్యల ఏరుకున్న." ఆయన నవారు గుంజాడు. "గట్టిగ వట్టు."

"రాజేశం, నువ్వు చెప్పినవు. నువ్వు చెప్పినవు, మార్కు వెట్టినవు. నేనే చెప్పలే అన్న. మార్కు నేనే తుడిసిన."

"నాకెర్కనే."

పోశం చేతిలో నవారు జారింది.

"బాయిల అందరి చేతులు నల్లగుంటయి" అన్నాడు రాజేశం. "గా దినం లక్ష్మణ్‌ను లేపుతుంటె నీది ఒక్కటే తెల్లగుండె. నా టోపీ లైటు సక్కగ దాని మీదనే వడ్డది."

"మరి గప్పుడే సార్లతోని అనకపోయినవా?"

"అన్న. మొదలే అన్న. నువ్వు నాకంటె ముందుగాల పోయి నేనెసొంటోన్నో చెప్పొస్తివి. ఇగ నేను ఏం జెప్పినా గట్లనే ఇన్నరు." కోపం లేదు గొంతులో. ఎప్పుడో చదివిన ఉత్తరం గుర్తు తెచ్చుకొని చెబుతున్నట్టుంది. "లక్ష్మణ్‌కు చెప్పినవా? పొయ్యేలోపు?"

"లే."

"పక్క లైన్లనే ఉండె గద."

"ఉండె. దినాం వస్తుండె. చాయ తాగుతుంటిమి."

"చాయ తాగుతుంటిరి" అన్నాడు రాజేశం. శ్యామల చాయ తెచ్చి అరుగు మీద పెట్టి పోయింది. ఎవరూ ముట్టలేదు.

"నన్ను మాఫ్ చెయ్యి తమ్మీ" అన్నాడు పోశం.

"మాఫ్ జేస్త తియ్యి. నా కాడ ఎంతుంటె గంత జేస్త. గని లక్ష్మణ్ నా మీద కోపంతోని పోయిండు. గది నా చేతుల లేదు, నీ చేతుల లేదు ఇగ. దేవవ్వ ఉన్నది. గామె ఇరవై ఆరేండ్లు తిట్టిన తిట్లు నావి గావు, నీయి. పోయి నీయి నువ్వు దెచ్చుకో."

బస్టాండు దాకా పోశం నడిచే వచ్చాడు. ఓంప్రకాశ్ హోటలు ముందు నుంచి పోతుంటే ఎవరో "దొరికిండా కాకా?" అని నవ్వుతూ అడిగారు. ఆగి, ఆ పేరు ఎట్లా వచ్చిందో, ఎందుకు పెట్టాడో విడమరిచి చెప్పాలనుకున్నాడు. బల్ల మీద మనుషులు మారిపోయి ఉన్నారు. ఎవరికి చెప్పాలి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి. బస్సెక్కాడు.

రెండు రోజులు దేవవ్వ ఇంటి ముందు నుంచే పోయి కూరగాయలు తెచ్చుకున్నాడు. మూడో రోజు పొద్దున ఆగాడు. ఆమె అరుగు మీద చాట ముందేసుకొని చిక్కుడుకాయలు ఒలుస్తున్నది.

"దా అన్నా. చాయ వెట్టాల్నా?"

"అద్దు చెల్లె." నిలబడే చెప్పాడు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. రాజేశం కేక, సుద్ద మార్కు, దిమ్మెల కోసం తాను పంపడం, లక్ష్మణ్‌ను నింపమనడం, అరచేత్తో తుడవడం, ఎంక్వయిరీలో అన్న మాట. ఏదీ దాచలేదు. చెబుతుంటే ఎంత చిన్న సంగతి అనిపించింది. అంతా కలిపితే చాయ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

దేవవ్వ చేతులు మధ్యలోనే ఆగిపోయాయి.

"గా బండ దించనీకె ఎంతసేపు అయితుండె?" అన్నది.

"అర్ధగంట."

"అర్ధగంట" అన్నది ఆమె. "ఆయినె ఉన్నప్పుడు చెప్తె ఏమైతుండె అన్నా? నిన్ను కొడ్తుండెనా? ఒక్క కాలు మనిషి ఏం గొడ్తడు. నాలుగు దినాలు చాయకు రాకపోతుండె. మళ్ల వస్తుండె. నీ మీద పానం ఆయినకు."

అది నిజమని పోశానికి ఇరవై ఆరేళ్ల నుంచీ తెలుసు. తెలిసి కూడా ఎందుకు చెప్పలేదంటే, ఆ నాలుగు రోజులకు భయపడ్డాడు, అంతే.

"గా రాజేశాన్ని దవాఖానల నేను ఏమేమన్ననో నీకు ఎర్కలేదు" అన్నది దేవవ్వ. "నీ ఇంట్ల గూడ గిట్లనే కావాలె అని శాపం వెట్టిన. ఆయిన బిడ్డకు గూడ వెట్టిన. పసిపోరి గది గప్పుడు, ఆయిన ఎనుక నిలవడి ఇన్నది."

ఆమె చాట పక్కకు జరిపింది. లేవడానికి మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంది. పోశం చెయ్యి అందించబోయాడు. ఆమె పట్టుకోలేదు, గోడ పట్టుకొని లేచింది.

"రేపు పొద్దున మొదటి బస్సుకు నన్ను చెన్నూరు తోల్కపో. ఇల్లు సూపిచ్చి నువ్వు బయటనే నిలవడు. లోపలికి రావద్దు."

"సరే చెల్లె."

"ఇగ పో" అన్నది, ఒలిచిన గింజలూ ఒలవని కాయలూ కలిపే చాట ఎత్తుకుంటూ.